మూడింటికి లేని వాసన ఏడింటికి ఎక్కడిది?

మరిపెడ బంగ్లా సెంటర్లో ఎండాకాలమంతా పూలబండి దగ్గర ఒకే రకం పేచీ నడుస్తుంటుంది. మధ్యాహ్నం మూడు నాలుగు గంటలప్పుడు కొనేవాళ్లు మల్లెమూరను ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లిస్తారు. "వాసనే లేదు, నిన్నటి పూలు అంటగడుతున్నవా?" అని దబాయిస్తారు. పూలమ్మే ఆమె తడిబట్ట సర్దుకుంటూ "ఇప్పుడే వాసనొస్తే రాత్రికి ఏం మిగుల్తదమ్మా? ఏడు గొట్టనియ్యి, నువ్వే చెప్తవు" అంటుంది. ఏడు కొడుతుంది. తొర్రూరు వైపు పోయే బస్సులో ముందు సీట్లో కూర్చున్నామె జడలోని మూరెడు మల్లెలు వెనక సీటు దాకా తెలిసిపోతాయి.

నేను చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరాలు, అండకోశం అని పువ్వును విడగొట్టి బల్లమీద పేర్చి చూపించేదాన్ని. వాసన దగ్గరికొచ్చేసరికి "కీటకాలను ఆకర్షించుటకు" అన్న ఒక్క ముక్కతో దాటేసి తర్వాతి పాఠానికి పోయేవాళ్లం. పరీక్షలో రెండు మార్కులకు అంతకన్నా అక్కర్లేదు మరి. పూలబండి ఆమె చెప్పే జవాబులో నిజానికి అంతకన్నా ఎక్కువ వృక్షశాస్త్రం ఉంది. మల్లెమొగ్గ వాసనను లోపల దాచిపెట్టుకుని కూర్చోలేదు. మూడు గంటలకు ఆ వాసనలో చాలా భాగం ఇంకా తయారే కాలేదు.

ఎలా తయారవుతుందో చూద్దాం. పువ్వు వాసన అంటే గాలిలోకి తేలిగ్గా ఆవిరైపోయే చిన్న చిన్న రసాయన అణువుల గుంపు. లోకంలోని పూలలో ఇప్పటిదాకా గుర్తించిన ఇలాంటి అణువులు 1,700 పైమాటే అని 2006లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష లెక్క తేల్చింది. ఏ ఒక్క పువ్వూ వీటన్నిటినీ చేయదు. కొన్ని పదుల రకాలను తనదైన పాళ్లలో కలిపి వదులుతుంది. మన గుండుమల్లెలో ముఖ్యమైనవి చెప్పాలంటే లినలూల్, బెంజైల్ ఎసిటేట్, ఫార్నెసీన్, మిథైల్ యాంథ్రనిలేట్, ఇండోల్. పేర్లు కొత్తగా ఉన్నా వాసనలు పాతవే. లినలూల్ మీ పోపులడబ్బాలో ఉంది, ధనియాల నూనెలో ఎక్కువ భాగం అదే. ఇక ఇండోల్ సంగతి అడక్కండి. చిక్కగా ఉంటే మలం వాసన, అతి కొద్దిగా ఉంటే మల్లెకు ఆ మత్తు. బజారులో దొరికే మల్లె అగరుబత్తిలో సాధారణంగా చవకగా దొరికే బెంజైల్ ఎసిటేట్‌దే పెత్తనం. అందుకే ఆ పొగ మల్లెను గుర్తుచేస్తుంది తప్ప మల్లె కాలేదు. నాకైతే ఆ అగరుబత్తి వెలిగిస్తే తలనొప్పి.

ఒకే అణువు సంబంధం లేని చోట్ల దొరకడం ఈ శాస్త్రంలో నాకు బాగా ఇష్టమైన సంగతి. పెళ్లి దండల్లో వాడే లిల్లీ, అదే నేలసంపెంగ, వాసనలో మిథైల్ శాలిసిలేట్ ఉంటుంది. కీళ్లనొప్పులకు రాసుకునే మలాముల్లో ఘాటు కూడా దానిదే. మహబూబాబాద్ జిల్లా ఏజెన్సీ ఊళ్లలో ఎండాకాలం తెల్లవారుజామున ఏరుకునే ఇప్పపువ్వులో, బాస్మతి బియ్యానికి ఆ ప్రత్యేకమైన వాసననిచ్చే అణువే దొరికింది. ఇప్పచెట్టు కింద నిలబడితే అన్నం ఉడుకుతున్న వాసన వస్తుందని ఒక తండా పిల్ల క్లాసులో అంటే అందరూ నవ్వారు. ఆ పిల్ల ముక్కు చాలా నిక్కచ్చిది.

ఇవన్నీ తయారయ్యేది ఎక్కువగా రేకు పైపొర కణాల్లోనే. అంటే గాలికి అతి దగ్గరగా ఉన్న చోటులో. ముడిసరుకు మాత్రం మామూలుదే. ఆకులు చేసి పంపిన చక్కెర, ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం, కొన్ని కొవ్వు ఆమ్లాలు. చక్కెర నుంచి పుట్టేవాటిలో టర్పీన్లది పెద్ద కుటుంబం, లినలూల్ ఆ ఇంటిదే. ఫినైల్ అలనిన్ నుంచి వచ్చేవి మరో కుటుంబం, బెంజైల్ ఎసిటేట్ వాటిలో ఒకటి. కొవ్వు ఆమ్లాలు తెగితే పచ్చిగడ్డి కోసినప్పుడు వచ్చేలాంటి వాసనలు. ఒక్కో అణువుకు ఒక్కో ఎంజైము, ఆ ఎంజైముకు ఒక జన్యువు. ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు, ఎంత జోరుగా పనిచేస్తుందన్నదే అసలు కిటుకు.

ఈ సంగతి తేలింది కాలిఫోర్నియాలో పెరిగే క్లార్కియా అనే అడవి పువ్వు దగ్గర. దీనిలో ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు. క్లార్కియా బ్రూవెరి ఘుమఘుమలాడుతుంది, రాత్రి తిరిగే రెక్కలపురుగుల కోసం. క్లార్కియా కాన్సినాకు మనిషి ముక్కుకు తెలిసే వాసనే లేదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎరాన్ పిచెర్‌స్కీ, ఆయన దగ్గర పనిచేసిన నటాలియా దుదరేవా, తోటివాళ్లు బ్రూవెరిలో లినలూల్‌ను తయారుచేసే జన్యువును పట్టుకుని 1996లో ప్రకటించారు. పూలవాసన మీద జన్యుపరిశోధన దాదాపు అక్కడే మొదలైంది. చిత్రం ఏమిటంటే వాసన లేని చెల్లెలిలోనూ ఆ జన్యువు ఉంది. కాకపోతే కీలాగ్రంలో మాత్రమే, అదీ నీరసంగా, పనిచేస్తోంది. అక్కలో రేకులతో సహా పువ్వంతటా జోరుగా నడుస్తోంది. వాసన కోసం ప్రకృతి కొత్త జన్యువును కనిపెట్టలేదు, ఉన్నదాన్నే ఎక్కువచోట్ల, ఎక్కువగా పనిలో పెట్టింది.

ఇప్పుడు మన ఏడు గంటల సంగతి. సాయంత్రం వాసనేసే పూలలో శాస్త్రవేత్తలు ఎక్కువగా పట్టి చూసింది పెటూనియాను. నర్సరీలో కుండీల్లో అమ్మే గన్నేరు రంగు, తెలుపు రంగు గరాటు పూలు. తెల్లరకం పెటూనియా పగలు ముంగిలా ఉండి పొద్దుగూకాక వాసన వదులుతుంది. మనుషులకున్నట్టే మొక్కల కణాల్లోనూ రోజు గడియారం ఉంటుంది. కొన్ని జన్యువులు ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటూ ఇరవైనాలుగు గంటలకోసారి చుట్టు తిరుగుతాయి. వాటిలో ఎల్‌హెచ్‌వై అనేది పొద్దున పూట ఉధృతంగా ఉంటుంది. వాసన పనులన్నిటికీ పెద్ద అయిన ఓడీఓ1 అనే జన్యువును అది అణిచిపెడుతుంది. సాయంత్రానికి ఎల్‌హెచ్‌వై నెమ్మదిస్తే ఓడీఓ1 లేస్తుంది, వాసన మొదలవుతుంది. 2015లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎల్‌హెచ్‌వైని రోజంతా ఆగకుండా పనిచేసేలా మార్చి చూస్తే వాసన దాదాపు పోయింది. దాన్ని తగ్గించి చూస్తే పువ్వు వాసనేసే వేళ ముందుకు జరిగింది.

మల్లెలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. లినలూల్, బెంజైల్ ఆల్కహాల్ వంటివాటిలో కొంత భాగాన్ని మొగ్గ ముందే చేసి, చక్కెర అణువులకు తగిలించి ఉంచుతుంది. చక్కెర తగులుకున్నంతసేపూ అవి నీటిలో కరిగి కణంలోనే ఉంటాయి, గాలిలోకి లేవవు, వాసనా రాదు. మొగ్గ విచ్చుకునే వేళకు ఒక ఎంజైము ఆ చక్కెరను కత్తిరిస్తుంది. అలా విడిపించినది కొంత, అప్పటికప్పుడు చేసినది కొంత, రెండూ కలిసి ఏడు గంటలకు బస్సెక్కుతాయి.

పువ్వును తెంపాక కూడా ఈ పని ఆగకపోవడం మల్లె గొప్పతనం. నీళ్లు చిలకరించిన తడిబట్టలో, తొడిమ నుంచి వేరైపోయి, అరటినారతో ముడిపడి కూడా మొగ్గలోని కణాలు తమ గడియారం ప్రకారమే నడుస్తాయి. ఫ్రాన్సులోని గ్రాస్ ఊరి అత్తరు పనివాళ్లు దీన్ని ఎప్పుడో కనిపెట్టారు. గులాబీని తెంపగానే నీళ్లలో మరగబెట్టి ఆవిరి పట్టేవాళ్లు. జాతి మల్లెలను, నేలసంపెంగను మాత్రం గాజుపలక మీద పరిచిన చల్లని కొవ్వులో పూలుపూలుగా గుచ్చి వదిలేసేవాళ్లు. పూలు గంటలకొద్దీ వాసన చేస్తూనే ఉంటాయి, కొవ్వు దాన్ని పీల్చుకుంటుంది. వాడినవి తీసి కొత్తవి పెడతారు. చైనాలో మల్లె తేయాకు చేసేవాళ్లదీ ఇదే ఉపాయం. పగలు కోసిన మొగ్గలను రాత్రి తేయాకులో కలుపుతారు. విచ్చుకుంటూ అవి వదిలేదంతా ఆకు పట్టుకుంటుంది.

మొన్నటిదాకా మాస్టర్లం అందరం చెప్పింది ఒకటుంది. వాసన అణువులు తయారయ్యాక వాటంతటవే కణంలోంచి బయటికి జారిపోతాయని. దుదరేవా తర్వాత పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఈ మాటను సందేహించింది. ఈ అణువులు నూనె స్వభావం ఉన్నవి. కణం చుట్టూ ఉన్న పొరా కొవ్వే. నూనె కొవ్వులో ఇరుక్కుంటుంది గానీ గాలిలోకి అంత వేగంగా ఎలా పోతుంది? 2017లో ఆమె బృందం జవాబు పట్టుకుంది. పెటూనియా కణపు పొరలో ఈ అణువులను పట్టి అవతలికి నెట్టే ఒక ప్రోటీను ఉంది, దానికి శక్తి ఖర్చవుతుంది. ఆ ప్రోటీను తగ్గిన మొక్కల్లో వాసన బయటికి రావడం తగ్గింది. లోపలే పేరుకుపోయిన అణువులు కణపు పొరలనే దెబ్బతీశాయి. అంటే ఈ సుగంధం పువ్వుకు లోపలుంటే విషం. 2021లో అదే బృందం రేకుపై మైనపు పొరను పలచన చేసి చూసింది. పొర పలచబడితే వాసన ఎక్కువ రావాలి కదా! తగ్గింది. ఆ మైనపు పొర కణం లోపల పేరుకోవలసిన వాసన అణువుల్లో సగానికి పైగా తనలో ఉంచుకుని కణాన్ని కాపాడుతోందట. అది పలచబడేసరికి పువ్వు తయారీనే తగ్గించుకుంది. ఎంత వదలగలనో చూసుకుని అంతే చేయడం, అదీ దాని లెక్క.

ఇంత ఖర్చు, ఇంత ప్రమాదం ఉన్న పని కాబట్టి అవసరం తీరగానే పువ్వు ఆపేస్తుంది. పెటూనియా, స్నాప్‌డ్రాగన్ పూలలో దీన్ని 2003లో పర్‌డ్యూలోనే కొలిచారు. స్నాప్‌డ్రాగన్ వాసనలో ముఖ్యమైనది మిథైల్ బెంజోయేట్. అది పగటిపూట వచ్చే బంబుల్ తేనెటీగల కోసం పగలే ఎక్కువగా వదులుతుంది. పుప్పొడి కీలాగ్రం మీద పడి, నాళం గుండా దిగి ఫలదీకరణం దాకా వచ్చాకే వాసన పడిపోతుంది. పెటూనియాలో ఆ కబురు మోసేది ఇథిలీన్ వాయువు. పచ్చి అరటిగెలను మాగేసేది అదే వాయువు. ఫలదీకరణమైన పువ్వుకు మరో పురుగు అక్కర్లేదు. మిగిలిన చక్కెర గింజకు పోవాలి. మొగ్గ కట్టే పూలబండి పక్కనే పండ్లబండి ఉంటే నేను పూలామెను కాస్త ఎడంగా జరగమంటాను. ఇథిలీన్‌కు తొందరగా వాడిపోయే పూలు చాలానే ఉన్నాయి. ఆమె నవ్వుతుంది. జాగా ఎక్కడుందని.

రాత్రిపూట వాసనేసే పూలు ఎక్కువగా తెల్లగా ఎందుకుంటాయో పిల్లలు అడుగుతుంటారు. చీకట్లో రంగు ఎవరికి కావాలి? రాత్రి పూలకు గిరాకీ రెక్కలపురుగులది. అవి దూరం నుంచి వాసన పట్టుకుని, దగ్గరికొచ్చాక తెలుపును చూస్తాయి. పారిజాతం పొద్దుగూకాక విచ్చుకుని తెల్లారేలోగా రాలిపోతుంది. రాత్రిరాణి అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చి మన పెరళ్లలో కుదురుకుంది, దానిదీ ఇదే వేళ. రాత్రిరాణి వాసనకు పాములొస్తాయని మా అత్తమ్మ చెట్టు కొట్టించేసింది. పాముకు పూలవాసనతో పనిలేదు. గుబురు చెట్ల కింద కప్పలు, ఎలకలు ఉంటే వస్తుంది. ఈ ముక్క అత్తమ్మతో అనే ధైర్యం అప్పట్లో నాకు లేదు. దేవుడికి పెట్టే పువ్వును ముందు మనం వాసన చూడకూడదన్నది ఆమె ఇంకో నియమం. పూలు కోసుకొచ్చేటప్పుడు గాలి నా వైపు వీస్తే ఏం చేయాలో మాత్రం ఆమె చెప్పలేదు.

మరిపెడలో ఫంక్షన్ హాళ్లు పెరిగాక డచ్ గులాబీలు వస్తున్నాయి. పొడుగు కాడ, పెద్ద మొగ్గ, వారమైనా వాడని రేకు, ముక్కుకు ఆనిస్తే ఏమీ లేదు. కొత్త రకాలు పుట్టించేవాళ్లు దశాబ్దాలుగా రంగు చూశారు, కాడ చూశారు, ఎన్నాళ్లు నిలుస్తుందో చూశారు. విమానంలో పోయే పువ్వుకు వాసన ఎంచేవాళ్లెవరు? ఎంచనిది రాలిపోయింది. అది ఎక్కడ రాలిందో ఫ్రాన్సు పరిశోధకులు 2015లో చూపించారు. వాసన దండిగా ఉండే పాపా మేయాన్ అనే గులాబీని, వాసన లేని రూజ్ మేయాన్‌ను పక్కపక్కన పెట్టి ఏ జన్యువుల పనిలో తేడా ఉందో వెతికారు. గులాబీకి ఆ తియ్యటి వాసననిచ్చే వాటిలో జెరానియోల్ ఒకటి. మిగతా మొక్కల్లో దాన్ని చేసే ఎంజైములు ఒక కుటుంబానివని అందరికీ తెలుసు. గులాబీలో ఆ పని చేస్తున్నది సంబంధమే లేని మరో కుటుంబపు ఎంజైము, పేరు ఎన్‌యూడీఎక్స్1. వాసన లేని గులాబీలో ఆ జన్యువు దాదాపు నిద్రపోతోంది. ఇకముందు మొక్క పూత పట్టకముందే ఆకు పరీక్షించి వాసన గులాబీలను ఎంచుకునే దారి దీంతో తెరుచుకుంది. మా ఇళ్లలో కుండీలో ఉండే చిన్న నాటు గులాబీ మాత్రం రెండో రోజుకే రేకులు రాలుస్తుంది, వాసన తగ్గించదు. నాకు అదే ఇష్టం. దండలు కట్టేవాళ్లకు కాదు.

పువ్వు తన పని తాను చేసినా గాలి ఒప్పుకోవాలి. వరంగల్–ఖమ్మం రోడ్డు మరిపెడ నడిబొడ్డు నుంచి పోతుంది. రాత్రీ పగలూ లారీలే. డీజిలు పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఓజోన్‌తో కలిసి నైట్రేట్ రాడికల్ అనే అణువును పుట్టిస్తాయి. ఎండ దాన్ని విరగ్గొట్టేస్తుంది కాబట్టి పగలు నిలవదు, రాత్రి పోగవుతుంది. అంటే రాత్రి పూలు వాసనేసే వేళకే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో దీన్ని ఒక అడవి పువ్వు మీద పరీక్షించారు. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అనే తెల్లపువ్వు వాసనలోని టర్పీన్లను ఈ రాడికల్ తినేస్తోంది. అలా చెడిన వాసనను పెట్టి చూస్తే రాత్రి రెక్కలపురుగులు ఆ పూలకు రావడం 70 శాతం తగ్గింది. అంతకు ముందే 2008లో వర్జీనియా విశ్వవిద్యాలయం లెక్కగట్టింది. 1800ల నాటి శుభ్రమైన గాలిలో పూలవాసన కిలోమీటరు దాకా సాగేదనీ, ఇప్పటి నగరాల పక్కన రెండు మూడు వందల మీటర్లు దాటడం కష్టమనీ వాళ్ల అంచనా. మన రోడ్డు పక్కన ఎవరూ ఇలా కొలవలేదు. మల్లెలోని లినలూల్, ఫార్నెసీన్ టర్పీన్ జాతివే కాబట్టి వాటికి వేరే న్యాయం ఉంటుందనుకోను.

ఇంత చెప్పి బతుకమ్మ దగ్గరికి రాకపోతే మా ఊరి ఆడవాళ్లు ఊరుకోరు. పెత్రామాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల నాటి దాకా మేం నెత్తిన పెట్టుకునే పూలలో అసలైనవి రెండు, తంగేడు, గునుగు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ఎంచింది తంగేడునే. రెండింటికీ మన ముక్కుకు తెలిసే వాసన పెద్దగా లేదు. పండుగ పువ్వంటే వాసనుండాలనుకునే కోస్తా చుట్టాలు మా ఇంటికొస్తే ఇదే అడుగుతారు.

తంగేడును దగ్గర్నుంచి చూడండి. అందులో తేనె లేదు. ఉన్నదంతా పుప్పొడి. ఆ పుప్పొడి కూడా పొడుగాటి కేసరాల్లో కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచి మాత్రమే వస్తుంది. మామూలు తేనెటీగకు ఈ తాళం తీయడం రాదు. నల్లతుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని రెక్కలు కదపకుండా ఛాతీ కండరాలను వణికిస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం కన్నా ఇది వేరే శ్రుతి, చెవికి తేడా తెలుస్తుంది. ఆ వణుకుకు రంధ్రంలోంచి పుప్పొడి చిమ్ముతుంది. పొదంతా పసుపుపచ్చగా మెరిసిపోయే తంగేడుకు పగటి తుమ్మెదను పిలవడానికి ఆ రంగే చాలు. వంగపూలు, టమాట పూలు కూడా ఈ వణుకు మీదే ఆధారపడేవి. గునుగుది మరో పద్ధతి. పత్తి చేలల్లో కలుపుగా లేచే ఆ కంకిలో సన్నటి పూలు వందలకొద్దీ ఉంటాయి. రేకులు మొదట్నుంచే కాగితంలా పొడిగా ఉంటాయి, అందుకే రోజుల తరబడి వాడిపోవు. కంకులను కట్టలు కట్టి కొసలకు రంగులద్దుకున్నా నిలుస్తాయి. బతుకమ్మను పేర్చేవాళ్లకు కావలసింది అదే. వాసన కోసం అయితే పక్కన చామంతి ఉంది, కొంచెం కర్పూరం ఘాటుతో. బంతి ఉంది.

బంతి దగ్గర నేను కాస్త ఆగుతాను. మెక్సికో నుంచి వచ్చి మన గుమ్మాలెక్కిన పువ్వు ఇది. బంతి వాసన అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ఆకులోది, పువ్వు కింది ఆకుపచ్చ దొప్పలోది. ఆకును ఎండకు ఎదురుగా పట్టి చూస్తే గాజులా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె సంచులు. మల్లె అప్పటికప్పుడు చేసి వదిలితే బంతి ఆకు నూనెను ముందే చేసి మూతపెట్టి ఉంచుకుంటుంది, నలిపితేనే వస్తుంది. ఆ ఘాటు ఆకు తినొచ్చేవాటిని దూరం పెట్టడానికి. పూరేకుల వాసన వేరు, సున్నితమైనది. దానికి మాత్రం ఒకరు పరుగెత్తుకొస్తారు. శనగపచ్చ పురుగు తల్లి, అంటే గుడ్లు పెట్టే రెక్కలపురుగు.

మరిపెడ చుట్టూ ఉన్నవి పత్తి, మిరప చేలు. 1997–98లో ఓరుగల్లు జిల్లా పత్తి రైతును పురుగు ఎలా ముంచిందో ఈ ఊళ్లలో ఎవరినడిగినా చెప్తారు. లద్దె పురుగు, పచ్చ పురుగు రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మందులు కొట్టీ కొట్టీ అప్పులపాలై ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. అప్పట్నుంచి వ్యవసాయ అధికారులు చేలగట్ల వెంట ఎరపంటలు వేయమని చెప్తున్నారు. లద్దె పురుగుకు ఆముదం, పచ్చ పురుగుకు బంతి. తల్లిపురుగు పత్తిని వదిలి బంతి మీద గుడ్లు పెడుతుంది. ఎందుకు పెడుతుందో బ్రిటన్ శాస్త్రవేత్తలు టోబీ బ్రూస్, అలన్ కార్క్ 2001లో చూపించారు. బంతిపూల వాసనలోని అణువులను ఒక్కొక్కటిగా ఆడపురుగు మీసాలకు తగిలించి, ఏ అణువుకు నరం స్పందిస్తుందో కొలిచారు. లినలూల్, లిమోనీన్, బెంజాల్డిహైడ్, తేనెవాసన ఉండే ఫినైల్ ఎసిటాల్డిహైడ్ వంటివి బయటపడ్డాయి. తేనెటీగను పిలవడానికి పువ్వు వేసిన కేక శత్రువుకూ వినిపిస్తుంది. ఎరపంట నడిచేది ఆ లోపం మీదే.

బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ టమాట కోసం దీనికొక లెక్క కట్టింది. పదహారు సాళ్ల టమాటకు ఒక సాలు బంతి. టమాట నారు 25 రోజులది అయితే బంతి నారు 40 నుంచి 45 రోజులది నాటాలి. బంతి వయసులో పెద్దది కావడమెందుకంటే, టమాట పూతకొచ్చే వేళకు బంతి మొగ్గ పట్టి వాసన మొదలుపెట్టి ఉండాలి. ఆలస్యమైతే తల్లిపురుగు పంట మీదే వాలుతుంది.

మా ఇంటి వెనక చేను ఉన్న రైతు పత్తిలో బంతి పెట్టాడు. సరిగ్గా కాయ పట్టే రోజుల్లో పెత్రామాస వచ్చింది. "మేడం, సారు బంతి పెట్టుమంటే పెట్టిన. పండుగకు మా ఇంటామె తెంపకుండ ఊకుంటదా? తెంపితే పురుగు పత్తి మీద పడ్తది, తెంపకపోతే మా ఇంటామె నా మీద పడ్తది" అని నా దగ్గరికొచ్చాడు. విప్పారిన పూలు తెంపుకొమ్మన్నాను. పురుగు పెట్టిన గుడ్లు, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన చిన్న పిల్లలు ఆ పూలతో పాటే బతుకమ్మెక్కి చెరువులో కలుస్తాయి, అది చేనుకు మంచిదే. మొగ్గలు మాత్రం ముట్టొద్దు. రేపు వాసనేసి తల్లిపురుగును పిలవాల్సింది అవే.

"అయితే పువ్వులు ఆమెకు, మొగ్గలు పురుగుకు" అని లెక్క తేల్చుకుని పోయాడు.